ఆకు మీద వాలిన ప్రతి పురుగూ ఆ మొక్కదేనా?

2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప రైతులు పువ్వు విప్పి చూస్తే లోపల సన్నటి నల్ల పురుగులు గుంపులుగా కదులుతూ కనిపించాయి. తామర పురుగు మిరపకు కొత్తదేం కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని చేలో తిరిగే వాళ్లెవరైనా చెప్తారు. ఇది మాత్రం ఆకును వదిలి పువ్వులోకి దూరింది. పూత రాలింది, నిలిచిన కాయ వంకర తిరిగింది, అలవాటైన మందులు కొట్టినా లొంగలేదు. ఏడాది చివరికి తెలంగాణ, కర్ణాటక మిరప చేలలోనూ ఇదే గోల. పేరు త్రిప్స్ పార్విస్పైనస్ అని తేలింది. ఊళ్లలో మాత్రం నల్ల తామర పురుగే.

ఈ పురుగు మన దేశపు రికార్డుల్లోకి 2015లోనే ఎక్కింది. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు బెంగళూరు బొప్పాయి తోటల్లో దాన్ని పట్టి, రూపాన్నీ డీఎన్‌ఏనీ చూసి ఫలానా అని నిర్ధారించారు. అంటే అప్పటి లెక్క ప్రకారం భారతదేశంలో దాని మొక్క బొప్పాయి. జావాలో చూస్తే అది మిరప పురుగు. గ్రీసులో 1998లో దొరికింది గాజు ఇళ్లలో పెంచే గార్డీనియా పూల మొక్కల మీద. హవాయిలో మళ్లీ బొప్పాయి. పురుగు ఒకటే, ఏ దేశం రికార్డు తిరగేస్తే ఆ దేశంలో ఒక్కో మొక్క. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ మన రికార్డు ఒక్కటే చదివి ఊరుకున్న మిరప రైతుకు టెన్షన్ పడాల్సిన కారణమేదీ అందులో కనిపించదు.

కొత్త ప్రాంతంలో ఒక పురుగునూ దాని మొక్కనూ నమోదు చెయ్యడం బయటి నుంచి చాలా తేలిక పనిలా ఉంటుంది. పురుగు పేరు, మొక్క పేరు, ఊరు, తేదీ. నాలుగు గడులు నింపితే అయిపోయినట్టే. చిక్కు ఐదో గడిలో ఉంది, దాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు: ఆ మొక్క మీద ఆ పురుగు ఏం చేస్తోంది? గుడ్లు పెట్టిందా, పిల్లలు అక్కడే తిని పెరిగాయా, లేక ఎగురుతూ అలసి కాసేపు వాలిందా? శాస్త్రంలో అతిథేయి మొక్క అనే మాట మొదటి రెంటికే వర్తిస్తుంది. పురుగు తన తరాన్ని ఆ మొక్క మీద నడపగలగాలి. నమోదు పట్టికల్లో మాత్రం మూడో రకం కూడా అదే మాట కింద చేరిపోతుంది. తామర పురుగుల మీద దశాబ్దాలు పనిచేసిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లారెన్స్ మౌండ్ విసుగు లేకుండా చెప్పిన విషయం ఇదే: రెక్కలొచ్చిన పెద్ద పురుగు దొరికిన మొక్కలన్నీ దాని అతిథేయులు కావు, పిల్లలు పెరిగే మొక్కే అతిథేయి.

తామర పురుగుల విషయంలో ఇది ఎందుకు కష్టమో దగ్గరగా చూస్తేగానీ అర్థం కాదు. పూత మీదున్న మిరప కొమ్మను తెల్ల కాగితం మీదికి వంచి వేలితో రెండుసార్లు తట్టండి. మిల్లీమీటరు పొడవున్న నల్లటి గీతలు అటూ ఇటూ పరుగెడతాయి. అవి ఆడవి. వాటి మధ్య ఇంకా సన్నగా, పసుపు రంగులో రెక్కలతో ఉన్నవి మగవి. అదే పసుపు రంగులో, రెక్కలు లేకుండా నెమ్మదిగా పాకేవి పిల్లలు. రెక్కలున్నది ఎక్కడి నుంచైనా గాలివాటంగా వచ్చి ఉండొచ్చు. రెక్కలు లేని పిల్ల అంత దూరం రాలేదు, ఆ మొక్క మీదే పుట్టి ఉండాలి. గుడ్లు చూసి తేల్చుకుందామంటే తల్లి వాటిని ఆకు కండలోకి దిగేసి పెడుతుంది, కంటికి ఆనవు. పెరిగిన పిల్ల నేలలోకి దిగి అక్కడ రూపం మార్చుకుంటుంది. మొక్కకూ పురుగుకూ ఉన్న సంబంధానికి మనకు చిక్కే సాక్షి ఈ పసుపు పిల్ల ఒక్కటే.

అసలు మెలిక ఇక్కడే పడుతుంది. తామర పురుగుల్లో జాతిని గుర్తుపట్టే లక్షణాలన్నీ పెద్ద పురుగులో ఉంటాయి. ఆడదాన్ని గాజు పలక మీద అమర్చి, మైక్రోస్కోపు కింద వెంట్రుకలు లెక్కపెట్టి, రెక్క మీది వరసలు చూసి పేరు తేలుస్తారు. పిల్లను చూసి ఫలానా జాతి అని చెప్పడం మామూలు పట్టికలతో అయ్యే పని కాదు. పేరు చెప్పే సాక్ష్యం ఒక దశలో, మొక్కతో సంబంధం చెప్పే సాక్ష్యం ఇంకో దశలో ఉన్నాయన్నమాట. ఒకే మిరప చేలో పాత తామర పురుగు, కొత్త తామర పురుగు రెండూ ఉంటే, ఈ పసుపు పిల్ల ఎవరిది? దాన్ని అదే మొక్క ఆకు మీద పెంచి పెద్దది కానివ్వాలి, లేదా డీఎన్‌ఏ చూడాలి. రెండూ చెయ్యకుండా "నల్ల తామర పురుగు ఈ ఇరవై మొక్కల మీద ఉంది" అని రాస్తే ఆ ఇరవైలో ఎన్ని నిజమైన అతిథేయులో రాసినవాళ్లకే తెలియదు.

పువ్వుల దగ్గర ఈ గందరగోళం మరీ ఎక్కువ. పుప్పొడి కోసం చాలా జాతుల పెద్ద పురుగులు దొరికిన పువ్వులోకల్లా దూరతాయి. పెళ్లి పందిట్లో భోజనానికి కూర్చున్న వాళ్లంతా చుట్టాలు కానట్టే ఇదీను. చేలో వేలాడదీసే నీలి రంగు జిగురు అట్టలు పురుగు ఊళ్లోకి వచ్చిందని చెప్పడానికి బాగా పనికొస్తాయి. ఏ మొక్క మీద పుట్టి వచ్చిందో అవి చెప్పలేవు. అట్టకు అంటిన పురుగును పక్కనున్న మొక్క ఖాతాలో రాసేసిన రికార్డు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెల్లదోమల కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. కొబ్బరి ఆకుల అడుగున తెల్లటి మైనపు పొడితో చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టే రూగోస్ తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో బయటపడింది. మధ్య అమెరికా పురుగు. బెలీజ్‌లో దొరికిన వాటిని చూసి 2004లో దానికి పేరు పెట్టారు, 2009లో ఫ్లోరిడాకు చేరింది. మన గోదావరి జిల్లాల్లోకి అడుగుపెట్టాక కడియం నర్సరీల దగ్గర్నుంచి కొబ్బరి తోటల దాకా పాకింది. దీని పిల్ల పురుగు ఒకసారి ఆకుకు అతుక్కుందంటే రెక్కలొచ్చే దాకా దాదాపు అక్కడే ఉండిపోతుంది. పైగా తెల్లదోమల్లో జాతిని నిర్ధారించేది పెద్ద దోమను చూసి కాదు, ఆకుకు అంటుకున్న ఆఖరి దశ గుల్లను చూసి. పేరూ మొక్కా రెండూ ఆ ఒక్క గుల్లలోనే దొరుకుతాయి.

ఆ గుల్లను చేతి అద్దం కింద పెట్టి చూడండి. వీపు మీద ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో చీలిక ఉంటే దోమ పెరిగి ఎగిరిపోయిందని అర్థం. ఆ మొక్క మీద తరం పూర్తయింది, వాదన అక్కర్లేదు. చీలిక లేకుండా గుండ్రటి రంధ్రం ఉంటే మాత్రం లోపలి నుంచి వచ్చింది దోమ కాదు, దాన్ని తిని పెరిగిన సూక్ష్మ కందిరీగ. రూగోస్ తెల్లదోమను ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే పరాన్నజీవి ఇలాగే మట్టుపెడుతుంది. ఎక్కడి నుంచో తెచ్చి వదలకముందే అది మన తోటల్లో కనిపించింది. కాబట్టి ఒక ఆకు మీద ఎన్ని టీ చీలికలు, ఎన్ని గుండ్రటి రంధ్రాలు ఉన్నాయో లెక్కపెట్టి రాస్తే ఆ రికార్డు పురుగు గురించే కాదు, దాన్ని తినేవాళ్ల గురించి కూడా చెప్తుంది. గుండ్రటి రంధ్రాలు ఎక్కువగా ఉన్న తోటలో మందు కొడితే మనకు సాయం చేస్తున్న ప్రాణిని ముందు చంపుకున్నట్టు.

ఇంత సులువైన పురుగులోనూ తప్పు రికార్డులకు దారి ఉంది. తెల్లదోమ వదిలే తియ్యటి జిగురు కింద మొక్కల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. కోనసీమలో కొబ్బరి కింద కోకో, అరటి, పూల మొక్కలు ఉంటాయి. ఆకులన్నీ నల్లబడతాయి. ఫొటో తీసి "కోకో మీద తెల్లదోమ" అని పెట్టేస్తే ఆ నలుపు పైనున్న కొబ్బరి పుణ్యమా, కోకో ఆకు అడుగున నిజంగా పురుగు ఉందా అన్నది ఫొటోలో తెలియదు. ఆకు తిప్పి అడుగు భాగం చూస్తేనే తెలుస్తుంది. మసి నష్టానికి గుర్తే గానీ అతిథేయికి కాదు.

గొంగళిపురుగుల్లో తిండి కళ్లకు కనబడుతుంది కాబట్టి చిక్కేముంటుంది అనుకుంటాం. కత్తెర పురుగు సంగతి చూడండి. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో కనిపించి, ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాలకు వచ్చేసింది. లద్దె దశలోనే గుర్తుపట్టొచ్చు: తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. అదే ఏడాది పరిశోధనా పత్రాలన్నీ గాలించి తయారు చేసిన ఒక పట్టికలో దీనికి 76 కుటుంబాలకు చెందిన 353 మొక్కలు అతిథేయులుగా తేలాయి. ఆ అంకె పేపర్లలో పడగానే వరి, పత్తి, కూరగాయలు, అన్నీ పోయినట్టే అన్న భయం మొదలైంది. తీరా చేలలో చూస్తే దెబ్బ తిన్నది ప్రధానంగా మొక్కజొన్న, ఆ తర్వాత జొన్న, కొంత చెరకు, చిరుధాన్యాలు. 353 అంకె అబద్ధమని కాదు. ఎప్పుడో ఎక్కడో ఒకసారి కనిపించిన మొక్కకూ, ఏటా తరాలకు తరాలు పెరిగే మొక్కకూ ఆ పట్టికలో ఒకటే వరస. పైగా ఎదిగిన లద్దె పురుగు తిన్న మొక్క అయిపోయాక పక్క గట్టు మీదికి పాకుతుంది, దొరికింది కొరుకుతుంది. ఆ కొరుకుడు చూసిన వాడు పట్టికకు ఇంకో పేరు తగిలిస్తాడు.

కత్తెర పురుగులో ఇంకో మలుపు కూడా ఉంది. అమెరికా ఖండాల్లో దీనికి చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలున్నాయి, ఒకటి మొక్కజొన్నను, ఇంకొకటి వరినీ గడ్డినీ ఎక్కువగా కోరుకుంటుంది. ఆఫ్రికాకూ మన దేశానికీ వచ్చిన వాటికి తల్లి వైపు నుంచి వచ్చే జన్యువు పరీక్షిస్తే చాలావాటిలో వరి రకం అని వచ్చింది. కేంద్రకంలోని ఇంకో జన్యువు చూస్తే మొక్కజొన్న రకం అని వచ్చింది. చేలో అది తింటున్నది మొక్కజొన్న. రెండు రకాలూ ఎక్కడో కలిసిన సంతతి ఇది. డీఎన్‌ఏ పరీక్షలో "వరి" అని వచ్చింది కదా అని వరిని మన ప్రాంతపు అతిథేయిగా రాసేస్తే ల్యాబ్ రిపోర్టు చూసి చేను సంగతి రాసినట్టవుతుంది. జన్యువు పురుగు వంశం చెప్తుంది. దాని భోజనం ఏమిటో చేలోకి వెళ్లి చూడాల్సిందే.

తినడం కళ్లారా చూసినా చాలదని నేర్పిన కేసు మన పక్క రాష్ట్రంలోనే జరిగింది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. వయ్యారిభామను, అదే కాంగ్రెస్ గడ్డిని, అదుపు చెయ్యడానికి మెక్సికో నుంచి జైగోగ్రామా బైకలరేటా అనే పెంకు పురుగును తెప్పించి, పరీక్షలు చేసి, 1984లో బెంగళూరులో వదిలారు. వయ్యారిభామను బాగానే తింది. కొన్నేళ్లకు అదే పురుగు సూర్యకాంతి చేలలో ఆకులు కొరుకుతూ కనిపించింది. గొడవైపోయింది. కలుపును చంపడానికి తెచ్చిన పురుగు నూనె పంటను తింటోందంటే ఎవరికైనా కడుపు మండుతుంది, నిజనిర్ధారణ సంఘం దాకా వెళ్లింది వ్యవహారం. 1993లో అచ్చయిన పరిశోధన చెప్పిందేమంటే, సూర్యకాంతి ఆకుల మీద వయ్యారిభామ పుప్పొడి పడి ఉంటే పురుగు ఆ ఆకును కొరుకుతుంది. పుప్పొడిలోని రసాయనం దానికి "ఇది నీ మొక్కే" అని చెప్తుంది. చేను చుట్టూ కలుపు విరగబూస్తే పుప్పొడి సూర్యకాంతి మీద పడకుండా ఎలా ఉంటుంది? పురుగు కొరికిందన్నది వాస్తవం, రైతు చూసింది నిజం. సూర్యకాంతి దాని అతిథేయి అన్న తీర్పు మాత్రం నిలవలేదు. చుట్టూ ఏ మొక్కలు పూతలో ఉన్నాయి అన్న ఒక్క వాక్యం ఆ మొదటి రికార్డుల్లో ఉండి ఉంటే సగం గొడవ ముందే తగ్గేదని నా అనుమానం.

పట్టికలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ కొట్టడం ఇంకో జబ్బు. కరివేపాకు మొక్క మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న గొంగళి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారేది, మనందరికీ తెలిసిందే: నిమ్మ సీతాకోకచిలుక. నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు, అన్నీ ఒకే కుటుంబం. తల్లి సీతాకోక ఆకు మీద వాలి ముందు కాళ్లతో తడుముతూ రుచి చూసి, ఆ కుటుంబపు రసాయనం తగిలితేనే గుడ్డు పెడుతుంది. ఇదే సీతాకోక 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి, తర్వాత పక్క దీవులకు పాకి అక్కడి నిమ్మజాతి తోటలకు బెంగ పుట్టించింది. ఆస్ట్రేలియాలో కూడా ఇదే సీతాకోక ఉంది. అక్కడ మాత్రం దాని గొంగళి ప్రధానంగా తినేది కలెన్ అనే చిక్కుడు కుటుంబపు మొక్కల్ని. మన పట్టిక తీసుకెళ్లి ఆస్ట్రేలియాలో నిమ్మ చెట్ల మీద వెతికితే దొరకడం అరుదు. వాళ్ల పట్టిక మాత్రమే చూసుకుని ఉంటే కరీబియన్ రైతులు నిశ్చింతగా నిద్రపోయేవారు. కలెన్ మనకు పరాయిదేమీ కాదు, బొల్లికి మందుగా వాడే బావంచాలు ఆ ప్రజాతిదే. బావంచాల్లో ఉండే సోరలెన్ కోవ రసాయనాలు నిమ్మ కుటుంబంలోనూ ఉన్నాయి. ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబానికి దారి అటు నుంచే పడి ఉండొచ్చు.

గొంగళిని ఇంటికి తెచ్చి డబ్బాలో పెంచడం మంచి పనే. సీతాకోకో చిమ్మెటో బయటికొస్తే పేరు ఖాయమవుతుంది. అయితే డబ్బాలో మనం వేసిన ఆకు తిన్నంత మాత్రాన బయట కూడా అదే తింటుందని రాయకూడదు. ఆకలితో మాడుతున్న పురుగుకు వేరే ఆకు లేదు మరి. గుడ్డు ఎక్కడ దొరికింది, ఏ ఆకు వేసి పెంచాం అన్నవి రెండు వేర్వేరు సమాచారాలు.

మొక్క పేరు దగ్గర జరిగే అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. పురుగుకు మైక్రోస్కోపు, డీఎన్‌ఏ, నిపుణుల సంతకం. మొక్కకు "గట్టు మీది కలుపు", "ఒక అలంకరణ మొక్క". నర్సరీ మొక్కలైతే అమ్మేవాళ్లు పెట్టిన పేరే రికార్డులోకి ఎక్కుతుంది. మొక్క పేరు తప్పితే పురుగు పేరు ఎంత కచ్చితంగా ఉన్నా ఆ రికార్డు చెత్తబుట్టలోకే. పువ్వు, కాయ, ఆకు రెండు వైపులా, మొక్క మొత్తం, ఇన్ని ఫొటోలు ఉంటే తర్వాత ఎవరైనా సరిచూడగలరు. కుదిరితే ఒక కొమ్మను పేపర్ల మధ్య ఒత్తి ఆరబెట్టి దాచాలి. హైదరాబాదులో బొటానికల్ సర్వే వాళ్ల దక్కన్ కేంద్రం ఉంది, విశ్వవిద్యాలయాల్లో ఆరబెట్టిన మొక్కల్ని దాచే హెర్బేరియాలున్నాయి. కాబట్టి అడిగే దిక్కు లేక కాదు.

ఇదంతా ఎందుకంటే పేరు సరిగ్గా తేలితే పని ఎంత వేగంగా జరుగుతుందో బొప్పాయి పిండినల్లి విషయంలో చూశాం. 2008లో కోయంబత్తూరులో బయటపడింది. పేరు తెలియగానే స్వస్థలం మెక్సికో వైపని తెలిసింది, దాన్ని అదుపులో ఉంచే పరాన్నజీవులు ఏవో తెలిశాయి. 2010లో ప్యూర్టోరికో నుంచి అసెరోఫేగస్ పపాయే అనే సూక్ష్మ కందిరీగను తెచ్చి వదిలితే పిండినల్లి వెనక్కి తగ్గింది. మొక్కల పట్టికకూ అంతే బరువుంది. విదేశీ మొక్కల రాకపోకల్ని నియంత్రించే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు లాంటివి, ఏ మొక్క వెంట ఏ పురుగు రావచ్చన్న సమాచారం మీదే ఆధారపడతాయి. పట్టికలో లేని మొక్క తనిఖీ తప్పించుకుంటుంది. అనవసరంగా ఎక్కిన మొక్క నర్సరీ వాళ్ల వ్యాపారాన్ని ముంచుతుంది, రైతు చేత లేని పురుగుకు మందు కొట్టిస్తుంది.

ఫోన్ ఉన్న ప్రతివారూ ఈ రోజుల్లో, చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటు లాంటి చోట ఫొటో పెట్టగలరు, అది మంచి మార్పే. పెట్టేవాళ్లు ఒక్క వాక్యం అదనంగా రాస్తే చాలు: పెద్ద పురుగు ఒక్కటే ఉంది, లేదా పిల్లలు కూడా ఉన్నాయి, లేదా గుడ్లు, ఖాళీ గుల్లలు ఉన్నాయి. తెలియకపోతే "వాలి ఉంది" అని రాస్తే సరిపోతుంది. పురుగును దాచేటప్పుడు డీఎన్‌ఏ కోసమైతే 95 శాతం పైనున్న ఆల్కహాల్ మంచిది. పిల్లల్నీ పెద్దవాటినీ ఒకే సీసాలో వేసినా ఫర్వాలేదు, ఒకే మొక్క నుంచి తీసినవై ఉంటే. రెండు మొక్కల పురుగుల్ని ఒకే సీసాలో వేస్తే మాత్రం ఇంతసేపూ చెప్పుకున్న సంబంధమే పోతుంది.

దాదాపు ఎవరూ రాయనిది ఇంకొకటుంది: వెతికినా దొరకని మొక్కలు. మన పట్టికలన్నీ కనిపించిన వాటితోనే నిండుతాయి. పంటల శాస్త్రవేత్తలు పంట చూస్తారు, సీతాకోకల ప్రేమికులు బాట పక్కన చూస్తారు, అడవి లోపల, పంట లేని వేసవిలో ఎవరూ చూడరు. అందుకే పట్టిక చూస్తే పురుగు ఇష్టాలకంటే మనం తిరిగిన చోట్లే ఎక్కువ తెలుస్తాయి. మిరప కోత అయిపోయి చేను ఖాళీగా ఉన్నప్పుడు నల్ల తామర పురుగు ఎక్కడ తలదాచుకుంటుందన్నది వచ్చే పంటకు పనికొచ్చే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే గట్ల మీది కామంచి, బుడ్డకాశ, ఉమ్మెత్త లాంటి మిరప చుట్టాల్నీ, పక్కనున్న బంతినీ మే నెల ఎండలో తట్టి చూడాలి. ఆ రోజు నోటు పుస్తకంలో "ఉమ్మెత్త, పది మొక్కలు, పువ్వులు తట్టి చూశాం, పెద్దవి లేవు, పిల్లలు లేవు" అని రాసినా అది పూర్తి రికార్డే.